పనిలో నేర్చుకున్న విద్యకు డిగ్రీలో క్రెడిట్లు: హైదరాబాద్‌లో ఉన్నవారు దరఖాస్తు ఎలా సిద్ధం చేసుకోవాలి

బాలానగర్ పారిశ్రామికవాడలో పదేళ్లకు పైగా లేత్ మెషిన్ నడిపిన వ్యక్తికి లోహాల స్వభావం గురించి, కొలతల కచ్చితత్వం గురించి తెలిసినది తక్కువేమీ కాదు. బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ దుకాణం లెక్కలన్నీ ఒంటిచేత్తో చూసుకునే మహిళకు, బి.కామ్ మొదటి సంవత్సరం విద్యార్థి పుస్తకంలో చదివే చిట్టా (జర్నల్), ఆవర్జా (లెడ్జర్) రోజువారీ పనిగానే వచ్చి ఉంటాయి. అయినా వీరిద్దరూ డిగ్రీలో చేరాలనుకుంటే, తమకు వచ్చిన విషయాలను కూడా మళ్లీ మొదటినుంచి చదివి పరీక్ష రాయవలసి వస్తుంది. ఆ విద్య వారి చేతుల్లో ఉన్నది గానీ ఏ మెమోలోనూ లేదు. ఇలా తరగతి గది వెలుపల నేర్చుకున్న దానిని పరీక్షించి, నిలిచిన మేరకు క్రెడిట్లు, అంటే డిగ్రీ పూర్తికి లెక్కలోకి వచ్చే చదువు యూనిట్లు, ఇచ్చే పద్ధతినే పూర్వ అభ్యసన గుర్తింపు అంటారు. విశ్వవిద్యాలయ కార్యాలయాల్లో మాత్రం దీన్ని ఆర్‌పీఎల్ (రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్) అంటేనే వెంటనే అర్థమవుతుంది.

దరఖాస్తు చేసేవారిలో చాలామంది తమ అనుభవం ఎన్నేళ్లో చెప్పడంతో మొదలుపెడతారు. అక్కడే దరఖాస్తు బలహీనపడుతుంది. గుర్తింపు దక్కేది గడిచిన ఏళ్లకు కాదు, ఆ ఏళ్లలో నేర్చుకుని ఇప్పుడు చూపగలిగిన దానికి. అందువల్ల మీ అనుభవంతో కాకుండా, మీరు చేరదలచుకున్న కోర్సు సిలబస్‌తో మొదలుపెట్టాలి. ముందు నిబంధనలు, అర్హతలు చెప్పి, ఆ తరువాత దరఖాస్తు పనిని ఆ క్రమంలోనే రాశాను.

నిబంధనలు ఇప్పుడు ఏమంటున్నాయి

2020 జాతీయ విద్యా విధానం చదువును మధ్యలో ఆపి మళ్లీ కొనసాగించే వీలు ఉండాలని, వృత్తి విద్యకూ సాధారణ విద్యకూ మధ్య గోడ తొలగాలని చెప్పింది. దాని వెంట 2021లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (ఏబీసీ), అంటే విద్యార్థి క్రెడిట్లు జమయ్యే ఖాతాల నిబంధనలు తెచ్చింది. 2023 ఏప్రిల్‌లో నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ వెలువడింది. బడి చదువు, కాలేజీ చదువు, నైపుణ్య శిక్షణ, పని అనుభవం అన్నీ ఒకే కొలతలోకి రావడం ఈ చట్రంతోనే మొదలైంది. దీని ప్రకారం ఏడాదికి 1200 గంటల అభ్యసనం 40 క్రెడిట్లకు సమానం, అంటే 30 గంటలకు ఒక క్రెడిట్. డిగ్రీ చదువులకు కనీస ప్రమాణాలు నిర్దేశిస్తూ యూజీసీ 2025లో తెచ్చిన నిబంధనలు కూడా పూర్వ అభ్యసన గుర్తింపుకు చోటిచ్చాయి.

ఇన్ని నిబంధనలు ఉన్నా, జాతీయ స్థాయిలో ఒక దరఖాస్తు ఫారం నింపి పంపితే క్రెడిట్లు వచ్చే ఏర్పాటు లేదని మీరు మొదటే గ్రహించాలి. జాతీయ నిబంధన అనుమతి మాత్రమే ఇస్తుంది. క్రెడిట్లు ఇవ్వవలసింది మీరు చేరే విశ్వవిద్యాలయం, అదీ తన అకడమిక్ కౌన్సిల్ ఆమోదించిన పద్ధతి ప్రకారం. కాబట్టి ఒక విశ్వవిద్యాలయంలో దొరికిన అవకాశం మరొకచోట దొరకకపోవచ్చు. ఫ్రాన్స్‌లో 2002 నాటి చట్టం ప్రకారం అనుభవం ఆధారంగా మొత్తం డిగ్రీని పొందే వీలు కూడా ఉంది. మన దేశంలో అంతవరకు ఆశించకండి. ఏబీసీ నిబంధనల ప్రకారమే, డిగ్రీకి అవసరమైన క్రెడిట్లలో కనీసం సగం ఆ డిగ్రీ ఇచ్చే సంస్థలోనే సంపాదించాలి. వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం వంటి కోర్సులకు వాటి వాటి కౌన్సిళ్ల నియమాలు వర్తిస్తాయి. ఆసుపత్రిలో ఎంత అనుభవం ఉన్నా నర్సింగ్ డిగ్రీలో మినహాయింపు దొరుకుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

మొదట మీకు ఏమి కావాలో తేల్చుకోండి

ఆర్‌పీఎల్ అనే ఒకే పేరుతో వేర్వేరు పనులు జరుగుతున్నాయి. నైపుణ్య రంగంలో, అంటే స్కిల్ ఇండియా పథకాల్లో, ఇది 2015 నుంచే ఉంది. అక్కడ మీ పనితనాన్ని పరీక్షించి, జాతీయ నైపుణ్య అర్హతల చట్రంలో ఒక స్థాయి చూపే సర్టిఫికెట్ ఇస్తారు. అది ఉద్యోగానికి పనికివస్తుంది గానీ దానంతట అది డిగ్రీ క్రెడిట్ కాదు. రెండోది ప్రవేశ అర్హత: ఒక కోర్సులో చేరడానికి కావలసిన చదువు మీకు ఉన్నట్టు పరిగణించడం. మూడోది క్రెడిట్ మినహాయింపు: చేరిన కోర్సులో కొన్ని పేపర్లు మళ్లీ చదవనవసరం లేకుండా చేయడం. ఈ వ్యాసంలో ఎక్కువగా చెప్పేది మూడోదాని గురించే.

ఈ తేడా తెలియక నష్టపోయేవారు సికింద్రాబాద్ కంటోన్మెంట్ పరిసరాల్లో స్థిరపడిన మాజీ సైనికుల్లో ఎక్కువగా కనిపిస్తారు. పదో తరగతి పాసై 15 ఏళ్లు సైన్యంలో పనిచేసినవారిని, డిగ్రీ అర్హతగా ఉన్న కొన్ని గ్రూప్ సి ఉద్యోగాల్లో మాజీ సైనికులకు కేటాయించిన పోస్టులకు అర్హులుగా పరిగణిస్తారు. ఆ సదుపాయం ఉద్యోగానికే పరిమితం. అందుకోసం సైన్యం ఇచ్చే సర్టిఫికెట్ చూపి ఎం.ఏ.లో చేరలేరు. దీనికి భిన్నంగా, 2022లో అగ్నివీరుల కోసం ప్రకటించిన ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) నైపుణ్య డిగ్రీలో మాత్రం సగం క్రెడిట్లు సైనిక శిక్షణ నుంచే వస్తాయని కేంద్ర విద్యాశాఖ చెప్పింది. పని ద్వారా వచ్చిన విద్య నేరుగా డిగ్రీలోకి చేరే ఏర్పాటు ఎలా ఉంటుందో దీన్ని చూస్తే స్పష్టమవుతుంది. సైనికులకు సాధ్యమైనది మెకానిక్‌కూ, గుమాస్తాకూ సాధ్యం కావాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఇంటర్ పూర్తికాకపోతే

దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. బడి సర్టిఫికెట్ ఏదీ లేనివారికి కూడా అర్హత పరీక్ష ద్వారా డిగ్రీ తలుపు తెరిచిన సంస్థ అది. దానికి తొలి ఉపకులపతిగా పనిచేసిన ఆచార్య జి. రాంరెడ్డిగారే తరువాత ఇగ్నోకు కూడా తొలి ఉపకులపతి అయ్యారు. ఉస్మానియా దూరవిద్యా కేంద్రానికి ఆయన పేరే పెట్టారు. ఈ చరిత్ర చెప్పడానికి కారణం ఉంది. అర్హత పరీక్ష గురించి పెద్దవాళ్లు చెప్పగా విని, ఇప్పటికీ అలాగే చేరవచ్చునని చాలామంది అనుకుంటారు. దూరవిద్య ప్రవేశ నియమాలను యూజీసీ తరువాత మార్చింది గనుక, ఆ సంవత్సరపు నోటిఫికేషన్‌లో ఏమున్నదో చదవకుండా ఆ నమ్మకంతో ముందుకు వెళ్లవద్దు.

పదో తరగతి గానీ ఇంటర్ గానీ పూర్తికాని వారికి నిలకడైన దారి తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ లేదా జాతీయ సార్వత్రిక పాఠశాల సంస్థ (ఎన్ఐఓఎస్). ఇంటర్‌లో ఒకటి రెండు సబ్జెక్టులు తప్పి ఆగిపోయినవారు ఒక విషయం ప్రత్యేకంగా గమనించాలి. గుర్తింపు పొందిన బోర్డులో మీరు పాసైన సబ్జెక్టుల్లో రెండింటి వరకు మార్కులను ఎన్ఐఓఎస్‌కు బదిలీ చేయించుకునే వీలుంది. పాత మెమో పారేయకుండా ఉంటే ఆ రెండు సబ్జెక్టులు మళ్లీ రాయనక్కరలేదు.

పేర్లు సరిచూసుకోండి, ఏబీసీ ఖాతా తెరవండి

ఇది చిన్న పనే, కానీ ఇక్కడ ఆగిపోయే దరఖాస్తులు ఎన్నో ఉంటాయి. మనవాళ్ల పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంటుంది, పీఎఫ్ ఖాతాలో పేరు ముందూ వెనకా అవుతుంది, పెళ్లయిన స్త్రీలకు కొన్ని పత్రాల్లో అత్తింటి ఇంటిపేరు చేరుతుంది. విశ్వవిద్యాలయాలు పదో తరగతి మెమోలోని పేరునే ప్రమాణంగా తీసుకుంటాయి గనుక, ఆధార్‌ను దానికి అనుగుణంగా ముందే సవరించుకోండి. ఆ తరువాత డిజిలాకర్‌లో మీ ఆధార్‌తో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా తెరిస్తే 12 అంకెల గుర్తింపు సంఖ్య వస్తుంది. ఇప్పుడు దీన్ని అపార్ సంఖ్య అని కూడా అంటున్నారు. దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీల్లో చేరేవారు యూజీసీ దూరవిద్యా విభాగం వద్ద డెబ్ ఐడీ కూడా తీసుకోవాలి. దానికి ఈ ఏబీసీ సంఖ్య అవసరం.

ఈ ఖాతాలో మీ సర్టిఫికెట్లను మీరే అప్‌లోడ్ చేసి క్రెడిట్లు పొందలేరు. బ్యాంకులో జీతం జమచేసేది యజమాని అయినట్టే ఇక్కడ క్రెడిట్లు జమచేసేది విద్యాసంస్థ మాత్రమే.

సిలబస్‌ను ముందు పెట్టుకుని మీ విద్యను కొలవండి

ఈ అంచెకు మీ సమయంలో సగం కేటాయించండి. కోర్సు ఎంచుకున్న తరువాత ఆ విశ్వవిద్యాలయం వెబ్‌సైట్ నుంచి ప్రస్తుత సిలబస్ దించుకుని, ప్రతి పేపర్‌కూ ముందు రాసి ఉండే అభ్యసన ఫలితాలను చదవండి. విద్యార్థి ఈ పేపర్ పూర్తిచేసిన తరువాత ఏమి చేయగలగాలో అక్కడ రాస్తారు. మిమ్మల్ని పరీక్షించేవారు చూసేది ఆ వాక్యాలనే.

బేగంబజార్ ఉదాహరణనే తీసుకుందాం. బి.కామ్ ఫైనాన్షియల్ అకౌంటింగ్ పేపర్‌లో సాధారణంగా చిట్టా, ఆవర్జా, సహాయక చిట్టాలు, అంకణా (ట్రయల్ బ్యాలెన్స్), బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక, తప్పుల సవరణ, తరుగుదల, ముగింపు లెక్కలు ఉంటాయి. ఒక కాగితాన్ని నిలువుగా మూడు గడులు చేసి, మొదటి గడిలో ఈ అంశాలు రాయండి. రెండో గడిలో ఆ అంశానికి సంబంధించి మీరు చేసే పని ఏమిటో ఒక వాక్యంలో రాయండి. మూడో గడిలో దానికి చూపగలిగిన ఆధారం రాయండి. ఆ మహిళ రోజూ లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో వోచర్లు వేస్తుంది, నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పుస్తకాన్ని సరిపోల్చి తేడా ఎక్కడ వచ్చిందో పట్టుకుంటుంది, ప్రతి నెలా జీఎస్టీఆర్-1, జీఎస్టీఆర్-3బి అనే జీఎస్టీ రిటర్నులు దాఖలు చేస్తుంది. కాబట్టి మొదటి కొన్ని అంశాల దగ్గర రెండో గడి సులువుగా నిండుతుంది. తరుగుదల దగ్గరకు వచ్చేసరికి ఆగిపోవచ్చు. దుకాణంలో ఆ లెక్క ఏడాదికోసారి ఆడిటర్ వేస్తాడు, ఆమె అంకె మాత్రమే ఎక్కిస్తుంది. అలాంటి చోట గడి ఖాళీగా వదలండి. తెలియనిదాన్ని తెలిసినట్టు రాస్తే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది. ఖాళీగా వదిలిన గడి మాత్రం మీరు ఏమి చదువుకోవాలో చూపిస్తుంది. పేపర్‌లోని ఎనిమిది అంశాల్లో ఆరు మీకు గట్టిగా వచ్చి, రెండు రాకపోతే, ఆ రెండింటినీ నెల రోజుల్లో చదువుకుని పేపర్ మొత్తానికీ దరఖాస్తు చేయవచ్చు. మూడే వస్తే ఆ పేపర్‌ను వదిలి మరొకటి చూడండి.

పని వేరు, ఆ పని వెనక ఉన్న కారణం వేరు. విశ్వవిద్యాలయం అడిగేది రెండోది కూడా. బ్యాంకు నిల్వకూ పుస్తకపు నిల్వకూ తేడా ఎందుకు వస్తుందో, సరుకు అమ్మినవారికి ఇచ్చిన చెక్కు ఇంకా బ్యాంకుకు రాకపోతే ఏ వైపు కలపాలో, ఏ వైపు తీసివేయాలో ఆమె చేతితో చేయగలదు. మాటల్లో చెప్పగలదా అన్నది ఆమె తనను తాను అడిగి చూసుకోవాలి. ప్రతి అంశం దగ్గరా “ఇలా ఎందుకు చేస్తాను” అనే ప్రశ్నకు నాలుగు వాక్యాల జవాబు సొంత మాటల్లో రాసుకోండి. ఆ జవాబులే తరువాత మీ దరఖాస్తుకు ప్రాణం.

గంటల లెక్క గురించి ఒక హెచ్చరిక. ముప్పై గంటలకు ఒక క్రెడిట్ అని చూసి, పదేళ్ల పని గంటలను ముప్పైతో భాగించి వందల క్రెడిట్లు రావాలని వాదించేవారు ఉన్నారు. ఆ లెక్క నిలవదు. నాలుగు క్రెడిట్ల పేపర్ అంటే 120 గంటల అభ్యసనం, అందులో తరగతి, ప్రయోగశాల, ఇంట్లో చదువు అన్నీ కలుస్తాయి. ఒకే వోచర్‌ను పదివేలసార్లు వేయడం పని అవుతుంది గానీ పదివేలసార్ల కొత్త విద్య కాదు. క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్‌లో అనుభవానికి అదనపు విలువ ఇచ్చే ఏర్పాటు ఉంది, అది గరిష్ఠంగా రెండింతల వరకే, అదీ మదింపు జరిగిన తరువాతే.

స్థాయి కూడా చూసుకోవాలి. ఆ ఫ్రేమ్‌వర్క్‌లో ఇంటర్ 4వ స్థాయి, డిగ్రీ మొదటి సంవత్సరం 4.5, రెండో సంవత్సరం 5, మూడో సంవత్సరం 5.5. మీ దగ్గరున్న నైపుణ్య సర్టిఫికెట్ మీద 3వ స్థాయి అని ఉంటే అది డిగ్రీ పేపర్‌కు సరితూగదు. ఆధారాల్లో ఒకటిగా జతపరచవచ్చు, అంతే.

ఆధారాలు సేకరించడం

హైదరాబాద్‌లో అనుభవం ఎక్కువగా కాగితం లేకుండానే గడుస్తుంది. చిన్న వర్క్‌షాపులు, దుకాణాలు, టైలరింగ్ యూనిట్లలో నియామక పత్రం ఇవ్వరు, జీతం చేతికిస్తారు. అందువల్ల పరోక్ష ఆధారాలను ఓపికగా జోడించుకోవాలి. పీఎఫ్ ఉంటే ఈపీఎఫ్ఓ పాస్‌బుక్, సర్వీసు వివరాలు దించుకోండి. ఏ సంస్థలో ఎప్పటినుంచి ఎప్పటివరకు ఉన్నారో అందులో తేదీలతో ఉంటుంది, దాన్ని ఎవరూ కాదనలేరు. ఈఎస్ఐ కార్డు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, అసంఘటిత కార్మికులకు 2021 నుంచి ఇస్తున్న ఈ-శ్రమ్ కార్డు, సొంత షాపు ఉంటే చిన్న వ్యాపారాలకు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఇవన్నీ ఉపయోగపడతాయి.

ఇవి మీరు పనిచేశారని చూపుతాయి. మీకు ఏమి వచ్చో చూపడానికి వేరే ఆధారం కావాలి. మెషినిస్టు అయితే తాను చేసిన విడిభాగం, దాని డ్రాయింగ్, మైక్రోమీటర్‌తో తీసిన కొలతల పట్టిక. ఫ్యాషన్ డిజైన్ కోర్సు కోరే లాడ్‌బజార్ గాజుల పనివారు లక్కను కరిగించడం నుంచి రాళ్లు పొదగడం వరకు అంచెలవారీగా తీసిన ఫొటోలు, చిన్న వీడియో. లెక్కలు చూసేవారు ఒక నెల అంకణా, ఒక సమన్వయ పట్టిక. ఇలాంటివి మూడు నాలుగు మంచివి చాలు. బీరువాలో ఉన్న ప్రతి కాగితాన్నీ జతపరిస్తే చూసేవారికి విసుగు తప్ప నమ్మకం కలగదు. ఒక్కో ఆధారం పక్కన అది ఏ పేపర్‌లో ఏ అంశానికి సంబంధించిందో అంకె వేయండి.

ఒక జాగ్రత్త తప్పనిసరి. యజమాని లెక్కలు, కొనుగోలుదారుల పేర్లు, జీఎస్టీ సంఖ్యలు, కంపెనీ డ్రాయింగులు మీ సొత్తు కాదు. అనుమతి అడగండి. అనుమతి ఇచ్చినా పేర్లు, సంఖ్యలు కనబడకుండా చేసి మాత్రమే జతపరచండి. అనుమతి దొరకకపోతే కల్పిత అంకెలతో అదే పనిని కొత్తగా చేసి, పైన “నమూనా” అని రాయండి. ఇంటర్వ్యూలో దాన్ని వివరించగలిగితే దాని విలువ తగ్గదు.

యజమాని లేఖ ఇవ్వడానికి ఒప్పుకుంటే, అందులో ఏముండాలో మీరే చెప్పండి. “ఈయన మా వద్ద పదేళ్లుగా నమ్మకంగా పనిచేస్తున్నారు” అనే వాక్యం మంచి నడవడికకు సాక్ష్యం గానీ విద్యకు కాదు. “నెలవారీ బ్యాంకు సమన్వయ పట్టికను ఈమె స్వయంగా తయారుచేస్తారు, 2018 నుంచి జీఎస్టీ రిటర్నులను ఆడిటర్ సహాయం లేకుండా దాఖలు చేస్తున్నారు” అన్నట్టు, చేసే పని, ఎప్పటినుంచి చేస్తున్నది, ఎంతవరకు ఇతరుల సహాయం లేకుండా చేయగలరన్నది ఉండాలి. కింద సంతకం, పేరు, హోదా, ఫోన్ నంబరు ఉండాలి. యజమాని నిరాకరిస్తే ఆడిటర్, పాత సూపర్‌వైజర్, మీ చేత పని చేయించుకున్న వినియోగదారుడు కూడా ఇలాంటి లేఖ ఇవ్వవచ్చు.

విశ్వవిద్యాలయాన్ని రాతపూర్వకంగా అడగండి

కౌంటర్ దగ్గర నిలబడి “ఆర్‌పీఎల్ ఉందా సార్” అని అడిగితే చాలాసార్లు లేదనే జవాబు వస్తుంది, చెప్పే వ్యక్తికి దాని గురించి సమాచారం అంది ఉండదు. ప్రశ్నను అకడమిక్ వ్యవహారాలు చూసే డీన్‌కు గానీ రిజిస్ట్రార్‌కు గానీ ఈమెయిల్‌లోనూ, రసీదు తీసుకుని కాగితం మీదా పంపండి. లేఖ ఇలా ఉండవచ్చు:

“అయ్యా, నేను ఇంటర్మీడియట్ ఉత్తీర్ణుణ్ని. మీ విశ్వవిద్యాలయంలో బి.కామ్‌లో చేరదలచుకున్నాను. పని అనుభవం ద్వారా నేర్చుకున్న విషయాలకు ఫైనాన్షియల్ అకౌంటింగ్ పేపర్‌లో క్రెడిట్ మినహాయింపు కోరుతున్నాను. పూర్వ అభ్యసన గుర్తింపునకు మీ అకడమిక్ కౌన్సిల్ ఆమోదించిన పద్ధతి ఉన్నదా, ఉన్నట్లయితే గరిష్ఠంగా ఎన్ని క్రెడిట్లకు వర్తిస్తుంది, మదింపు ఏ విధంగా జరుగుతుంది, రుసుము ఎంత, దరఖాస్తు ప్రవేశానికి ముందా తరువాతా అన్న వివరాలు తెలియజేయవలసిందిగా మనవి. సిలబస్‌తో నా పనిని పోల్చిన పట్టిక జతచేశాను.”

ప్రభుత్వ విశ్వవిద్యాలయం జవాబు ఇవ్వకపోతే, ఇవే ప్రశ్నలను సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగవచ్చు. ముప్పై రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఇది తగవు పెట్టుకోవడం కాదు. అడిగినవారి సంఖ్య ఫైళ్లలో కనబడితేనే ఆ సంస్థ ఒక పద్ధతిని ఏర్పరచుకునే అవకాశం ఉంటుంది.

లిఖితపూర్వక జవాబు రాకముందే ఎవరికీ డబ్బు కట్టవద్దు. “ఒకే సిట్టింగ్‌లో డిగ్రీ”, “అనుభవానికి పాత తేదీతో డిగ్రీ” అనే ప్రకటనలు నగరంలో గోడల మీదా, ఫోన్లలోనూ తిరుగుతుంటాయి. పూర్వ అభ్యసన గుర్తింపు పేరును కూడా వాళ్లు వాడుకుంటారు. మదింపు లేకుండా క్రెడిట్ ఇవ్వడానికి ఏ నిబంధనా ఒప్పుకోదు. ఆ విశ్వవిద్యాలయం పేరు యూజీసీ ప్రచురించే నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాలో ఉందేమో చూడండి, దూరవిద్య కోర్సు అయితే ఆ సంవత్సరానికి అనుమతి ఉందో లేదో దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో చూడండి. నకిలీ డిగ్రీతో ఉద్యోగంలో చేరినవారి మీద కేసు పడితే, వారికి నిజంగా వచ్చిన పని కూడా ఎవరూ నమ్మరు.

మదింపుకు సిద్ధం కావడం

మదింపు రాతపరీక్ష కావచ్చు, ప్రయోగ పరీక్ష కావచ్చు, ఇంటర్వ్యూ కావచ్చు, లేదా వీటిలో రెండు మూడు కలిసి ఉండవచ్చు. రాతపరీక్ష అయితే అదే పేపర్ పాత ప్రశ్నపత్రాలు తీసుకుని సమయం పెట్టుకుని రాసి చూడండి. పనివారికి ఇక్కడ ఎదురయ్యే అడ్డంకి పరిభాష. వర్క్‌షాపులో వస్తువులకూ పనులకూ ఉర్దూ, హిందీ, తెలుగు కలిసిన పేర్లు ఉంటాయి, ప్రశ్నపత్రంలో ఇంగ్లీషు పేర్లు ఉంటాయి. మీ పట్టికలో ప్రతి అంశం పక్కన పుస్తకంలోని పేరు రాసుకుని, కాలేజీలో చదివే పిల్లలెవరైనా ఇంట్లో ఉంటే వారి చేత ప్రశ్నలు అడిగించుకోండి. ఏ భాషలో జవాబు చెప్పవచ్చో ముందే అడిగి తెలుసుకోండి. ఉర్దూ మాధ్యమంలో చదువుకున్నవారికి గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా పరిశీలించదగినది.

ఇంటర్వ్యూలో తెలియని ప్రశ్నకు తెలియదని చెప్పి, దానికి దగ్గరగా మీరు చేసిన పని ఉంటే దాన్ని వివరించండి. అధ్యాపకుల ముందు కుంచించుకుపోవలసిన అవసరం లేదు. అనుభవానికి విలువ ఉందని విశ్వవిద్యాలయాలే ఒప్పుకున్నాయి: 2022 నుంచి యూజీసీ, కనీసం 15 ఏళ్ల వృత్తి అనుభవం ఉన్న నిపుణులను, సాధారణ అధ్యాపకులకు ఉండవలసిన డిగ్రీలు లేకున్నా, ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్‌గా నియమించుకునే వీలు కల్పించింది. బోధించడానికి పనికివచ్చిన అనుభవం, చదువుకోవడానికి చేరేవారి విషయంలో లెక్కకు రాకుండా పోవడం న్యాయం కాదు.

ఫలితం వచ్చిన తరువాత

క్రెడిట్లు మంజూరైతే రాతపూర్వక ఉత్తర్వు తీసుకోండి. అందులో పేపర్ పేరు, కోడ్, క్రెడిట్ల సంఖ్య, గ్రేడు ఉన్నదా లేక మినహాయింపు మాత్రమేనా అన్నది ఉండాలి. గ్రేడు లేకపోతే మొత్తం సగటును ఎలా లెక్కిస్తారో అడగండి, తరువాత పీజీ ప్రవేశాల్లో ఇది సమస్య కావచ్చు. కొన్ని వారాల తరువాత డిజిలాకర్ తెరిచి ఆ క్రెడిట్లు మీ ఏబీసీ ఖాతాలో చేరాయో లేదో చూడండి. ఖాతాలోని క్రెడిట్లకు గరిష్ఠంగా ఏడేళ్ల కాలపరిమితి ఉంటుంది, ఒక డిగ్రీకి వాడినవి మరో డిగ్రీకి పనికిరావు.

తిరస్కరిస్తే కారణం అడగండి. ఏ అంశంలో లోటు ఉందో తెలిస్తే అది చదువుకుని మళ్లీ దరఖాస్తు చేయవచ్చు. కారణం చెప్పకపోయినా, ప్రకటించిన పద్ధతిని పాటించకపోయినా, 2023 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో ఉండవలసిన విద్యార్థి ఫిర్యాదుల కమిటీకి, ఆపైన ఆంబుడ్స్‌పర్సన్‌కు వెళ్లవచ్చు. ప్రవేశం కోరేవారికి కూడా ఆ హక్కు ఉంది.

ఆ విశ్వవిద్యాలయంలో పద్ధతే లేకపోతే

అప్పుడు మీ విద్యను విశ్వవిద్యాలయం ఇప్పటికే ఒప్పుకునే రూపంలోకి మార్చుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లోని కోర్సులు ఇందుకు బాగా పనికివస్తాయి. మీకు వచ్చిన విషయంలో కోర్సు తీసుకుంటే పాఠాలు త్వరగా సాగుతాయి, పరీక్ష మాత్రం కేంద్రానికి వెళ్లి రాయాలి. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా పూర్తిచేయడానికి వీలుంది. అయితే ఏ కోర్సును ఏ పేపర్‌కు బదులుగా తీసుకుంటారో మీ సంస్థ ముందుగా ఆమోదించాలి. ఆ ఆమోదం చేతికి వచ్చిన తరువాతే నమోదు చేసుకోండి, చేరకముందు పూర్తిచేసిన కోర్సును తరువాత లెక్కలోకి తీసుకోకపోవచ్చు.

సాంకేతిక పనుల్లో ఉన్నవారికి మరో మెట్లదారి ఉంది. ఐటీఐ చేసినవారు ఎల్‌పీసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలోకి, డిప్లొమా ఉన్నవారు ఈసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా బీటెక్ రెండో సంవత్సరంలోకి నేరుగా చేరవచ్చు. పేరు వేరైనా ఇవి కూడా ముందు చదివినదానికి ఏడాది మినహాయింపు ఇచ్చే ఏర్పాట్లే. టూల్ అండ్ డై పనివారు బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లోనూ, నిర్మాణ రంగంలోని మేస్త్రీలు కొండాపూర్ వైపున్న నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్‌లోనూ తమ పనికి తగిన కోర్సులు, సర్టిఫికెట్లు ఏమున్నాయో అడగాలి. అడిగేటప్పుడు ఆ సర్టిఫికెట్ మీద అర్హతల చట్రంలోని స్థాయి, క్రెడిట్లు ముద్రించి ఉంటాయా అన్న ప్రశ్న మరువవద్దు. స్థాయి 4.5 లేదా అంతకన్నా పైన ఉంటే, ఆ సర్టిఫికెట్‌ను మీ పట్టికకు జతచేసి, తరువాతి విద్యాసంవత్సరపు నోటిఫికేషన్ వెలువడగానే అదే లేఖను మళ్లీ పంపండి.